మళ్ళీ సున్నా నుంచి

ఆగస్టు పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. భీమునిపట్నం తీరంలో ఉష్ణోగ్రత ఇరవై ఆరు డిగ్రీలు. గాలిలో తేమ తొంభై ఒక్క శాతం. నైరుతి నుంచి నిలకడగా గాలి వీస్తోంది. తెల్లవారుతూనే మొదలైన సన్నని జల్లు ఇంకా ఆగలేదు. ఈ వివరాలన్నీ కొండ కింది ప్రయోగశాలలో, నియంత్రణ గది గోడ మీది తెరపై వరుసగా కనిపిస్తున్నాయి. వాటి కింద మరొక పంక్తి ఉంది: పాతర తలుపు మూతపడింది, లోపల ఇద్దరు.

ఆ ఇద్దరిలో ఒకరు పదార్థ శాస్త్రవేత్త ఇస్మాయిల్, వయసు యాభై ఒకటి. రెండవ వ్యక్తి తరణి, వయసు ఇరవై ఎనిమిది. ఆమె ప్రయోగశాల అధిపతి డాక్టర్ కొమరగిరి హైమవతికి ఏకైక సంతానం.

తలుపు మూసే ముందు వారు మాట్లాడుకున్నది చాలా కొద్ది.

"శుక్రవారానికి బయటికొచ్చేస్తాం మేడమ్. నాన్నకి చెప్పండి," అంది తరణి. ప్రయోగశాలలో ఆమె తల్లిని ఎన్నడూ అమ్మా అని పిలవలేదు.

"పొద్దున ఇంట్లోనే ఉన్నారుగా. నువ్వే చెప్పాల్సింది."

"చెప్తే గొడుగేసుకుని వచ్చి ఇక్కడే కూర్చుంటారు."

ఇస్మాయిల్ సంచీని ఒక భుజం నుంచి మరో భుజానికి మార్చుకుంటూ నవ్వాడు. "శుక్రవారమంటే లోపల మూడేళ్ళు మేడమ్. అమ్మాయి ముప్పై దాటి వస్తుంది. సంబంధాలు చూసేవాళ్ళకి ఏం చెప్పాలో ఇప్పట్నుంచే అనుకోండి."

"మీ సంగతి చూసుకోండి ఇస్మాయిల్ గారూ. మీ రిటైర్మెంట్ మూడేళ్ళు దగ్గరకొస్తుంది," అంది తరణి.

"కాయితాల మీద రాదు కదమ్మా. అదే నా బాధ."

పాతర అంటే, బయట ఒక రోజు గడిచేసరికి లోపల ఒక సంవత్సరం గడిచే గది. అంతరిక్షంలో పదేళ్ళు పనిచేయవలసిన పరికరాన్ని నిజంగా నమ్మాలంటే పదేళ్ళు నడిపి చూడాలి. అంత వ్యవధి ఏ సంస్థకూ ఉండదు. కొండను తొలిచి, గది చుట్టూ బలమైన క్షేత్రాన్ని తిప్పి, ఆ వ్యవధిని సంపాదించారు. రెండేళ్ళ క్రితం తొలి పరీక్షకు హైమవతి ఎంచుకున్న వస్తువు అప్పుడే మరపట్టిన కొత్త బియ్యం. ఒక రోజు లోపల ఉంచి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చింది. ఇంట్లో వంట ఆమె భర్త కామేశానిది. ఆయన కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాడు.

"ఈ బియ్యం ఎక్కడివి హైమా? మెతుక్కి మెతుకు అంటుకోలేదు. ఏడాది మాగినవి," అన్నాడాయన వడ్డిస్తూ.

"మొన్న మరపట్టినవే."

ఆయన గరిటె పక్కన పెట్టాడు. తినడం మొదలుపెట్టకుండానే అడిగాడు: "దీన్లోకి మనుషుల్ని పంపరు కదా?"

"పంపం," అంది హైమవతి. ఆనాటికి అది నిజమే. ధాన్యం దాచే గొయ్యి పేరు ఆ గదికి ఆ వారంలోనే స్థిరపడింది.

మనుషులను పంపవలసిన అవసరం అరుంధతి నౌక వల్ల వచ్చింది. అంగారకుని నుంచి తిరిగివస్తున్న ఆ నౌకలో ఆరుగురున్నారు. వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి అందించే యంత్రంలోని పొరపై లవణాలు పేరుకుని గడ్డకట్టసాగాయి. వారి దగ్గర మిగిలిన నీరు నలభై రోజులకు సరిపోతుంది. ఇంటికి పద్నాలుగు నెలల ప్రయాణం ఉంది. నౌకలో చిన్న కార్ఖానా ఉంది, ముడిపదార్థం ఉంది. ఏ పాళ్ళలో, ఏ వేడిమి వద్ద కొత్త పొరను తయారుచేయాలో భూమి నుంచి చెబితే వారు చేసుకోగలరు. చెప్పగలిగే స్థితిలో భూమి మీద ఎవరూ లేరు. ఆ పొరను మొదట రూపొందించినవారు తరణి, ఇస్మాయిల్. మరొకరికి ఆ పని నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. పాతరలోని గాలి ఇద్దరికే చాలుతుంది. క్షేత్రాన్ని ఒకసారి ఆపితే తిరిగి నిలబెట్టడానికి రెండు నెలలు కావాలి; అది తిరుగుతుండగా సరుకులు దాటగలవు కానీ ప్రాణమున్న మనిషి దాటలేడు. కాబట్టి మధ్యలో మనుషులను మార్చే వీలు లేదు. ఈ కారణాలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు హైమవతి సంతకం చేసింది.

ఆ ప్రయోగశాలకు ఒక పని విధానం ఉంది. విశ్వవిద్యాలయాల్లో దాన్ని హైమవతి పద్ధతి అనే పేరుతోనే బోధిస్తారు. అందులో నియమాలు మూడే. పరికరం ఎంతకాలం పనిచేయాలో దానికి రెట్టింపు కాలం పరీక్షలో నడవాలి. మధ్యలో ఎంత చిన్న లోపం కనిపించినా, సరిచేసిన తర్వాత లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలుకావాలి. పరీక్ష సాగుతుండగా చేసేవారు బయటికి మూడు మాటలలో ఒకటి మాత్రమే పంపాలి: నడుస్తోంది, లోపం, పూర్తయింది. బయటివారు ఏమీ అడగకూడదు. సామాన్లు కావాలంటే మాత్రం లోపలివారు అడగవచ్చు.

మూడో నియమం వెనుక ఒక సంఘటన ఉంది. హైమవతి చిన్న ఉద్యోగిగా మరొక సంస్థలో పనిచేస్తున్న రోజుల్లో, ఒక ఉపగ్రహపు కవాటాన్ని పరీక్షిస్తుండగా పెద్ద అధికారి పరీక్షశాలకు ఫోను చేశాడు. "ఎంతవరకు వచ్చింది? పర్వాలేదు కదా?" అని మాత్రమే అడిగాడు. బెదిరించలేదు, తొందరపెట్టలేదు. పరీక్షిస్తున్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "పర్వాలేదు సార్," అన్నారు. ఆ ఉపగ్రహం కక్ష్య చేరలేదు. పెద్దవారి ప్రశ్నే చిన్నవారి జవాబును తయారుచేస్తుందని హైమవతి ఆనాడు గ్రహించింది. ఆ గ్రహింపు సరైనదే; ఆ తర్వాత పాతికేళ్ళలో ఆమె చేతి మీదుగా వెళ్ళిన ఏ పరికరమూ ఆకాశంలో చెడిపోలేదు. అరుంధతి నీటి యంత్రాన్ని మాత్రం, తరణి వాళ్ళ పొర నమూనాతో వేరే సంస్థ తయారుచేసింది; ఈ పద్ధతిలో పరీక్షించకుండానే తొందరలో కొన్నారు.

శుక్రవారం వచ్చింది. అంతవరకు తెరమీద 'నడుస్తోంది' అన్న మాట నిలిచి ఉంది. సాయంత్రం దాని స్థానంలో మరొక మాట వచ్చింది.

"లోపమట మేడమ్," అన్నాడు విద్యుత్ విభాగం ఇంజనీరు గొర్లె సింహాచలం. క్షేత్రాన్ని ఆపే మీట అతని అధీనంలో ఉంటుంది. దాని మీద గాజు మూత, మూతకు తాళం. "మళ్ళీ సున్నా కాణ్ణుంచేటి?"

"అవును."

"అంటే మళ్ళీ మూడేళ్ళు. పాప పెళ్ళి బోయినం ఇప్పట్లో నేదన్నట్టే."

గోడలోని చిన్న ద్వారం గుండా సరుకులు పంపే మనుషులు పెట్టె తర్వాత పెట్టె తోస్తూనే ఉన్నారు. బయట ఒక గంట పనికి లోపల రెండు వారాల తిండి.

వారం గడిచింది. మరొక లోపం. మరొక సున్నా. ఆ ఆదివారం కామేశం గొడుగుతో వచ్చి నియంత్రణ గదిలో బల్ల మీద కూర్చున్నాడు. ఆయనకు అనుమతి లేదు. వెళ్ళమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

"మీట ఏది?" అని అడిగాడు చివరికి.

సింహాచలం లేచి గాజు మూతకు అడ్డంగా నిలబడ్డాడు. "సార్, కూకోండి. పైన ఆరుగురున్నారు."

"ఆరుగురికీ ఇళ్ళున్నాయని నాకూ తెలుసు బాబూ. వాళ్ళని చంపమని నేనట్లేదు." భార్య వైపు తిరిగాడు. "హైమా, ఒక్క మాట అడుగు దాన్ని."

"ఏమని?"

"ఎంతవరకు వచ్చిందని."

"ఆ మాటే అడక్కూడదండీ. అడిగితే నాకు నచ్చే జవాబు వస్తుంది."

"అది నీ కూతురు."

"అందుకే ఇంకా తొందరగా వస్తుంది."

కామేశం తెర వంక చూశాడు. "నిమిషం పట్టదు అడగడానికి," అన్నాడు. గొంతు పెంచలేదు. "మనం ఇలా కూర్చుని మాట్లాడుకున్న ఈ కాస్తలో అక్కడ ఎన్ని పూటలు గడిచాయో నువ్వే లెక్కకట్టు."

ఆమె లెక్కకట్టగలదు, కట్టింది కూడా. కానీ ఆమె లెక్క మరొక విధంగా సాగింది. లోపం అన్న మాట వచ్చిందంటే పొర ఇంకా దొరకలేదని అర్థం. దొరకని దాని గురించి అడిగి ప్రయోజనం లేదు. మీట నొక్కితే ఆరుగురు దాహంతో పోతారు, కూతురి గడిచిన సంవత్సరాలు తిరిగిరావు, అవి వృథా కూడా అవుతాయి. ఆలస్యమైన కొద్దీ ఆపడం మరింత కష్టమైంది. ఎందుకంటే ప్రతి రోజూ, అప్పటికే పోయిన దానికి ఒక సంవత్సరం కలుస్తోంది.

పదమూడో రోజున లోపలి నుంచి సామాన్ల కోసం వచ్చిన సందేశంలో, రబ్బరు గొట్టాలు, సబ్బు, ఉప్పు అన్న మాటల తర్వాత, దగ్గరి చూపు కళ్ళజోడు ఒకటి అని ఉంది. ఇస్మాయిల్ దగ్గర కళ్ళజోళ్ళు రెండున్నాయి, వెళ్ళేటప్పుడే తీసుకువెళ్ళాడు. సింహాచలం ఆ మాట చదివి, హైమవతి ముఖం చూసి, తానే జీపు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. దుకాణంలో ఎవరికని అడిగారట. ఏం చెప్పాలో తోచక, "మా మేడమ్ గారికి," అన్నాడట. అతను తిరిగివచ్చేసరికి లోపల నెల రోజులు గడిచాయి. ఆ నెల రోజులు తరణి కొలతలు ఎలా చదివిందో బయట ఎవరికీ తెలియలేదు.

పద్దెనిమిదో రోజు ఉదయం వచ్చిన సందేశంలో రెండే వస్తువులున్నాయి. తెల్లని నూలు బట్ట, పొడుగుది. కర్పూరం.

నియంత్రణ గదిలో ఉన్నవారందరికీ ఒకేసారి అర్థమైంది. బట్ట కోసం మనిషిని పరుగెత్తించారు. ఆ మనిషి తిరిగిరాక ముందే సరుకుల ద్వారం లోపలివైపు నుంచి తెరుచుకుంది. ఇస్మాయిల్ శరీరం పాత దుప్పటిలో చుట్టి ఉంది. దుప్పటి అంచులను ఎవరో ఓపికగా, దగ్గరదగ్గరగా కుట్టారు. బయట అరగంట అంటే లోపల వారానికి పైగా. అన్ని రోజులు ఆ చల్లని గదిలో శవంతో ఉండి, ఇక బట్ట రాదనుకుని, తరణి ఆ పని చేసింది. తెరమీద మాత్రం 'నడుస్తోంది' అన్న మాట అలాగే ఉంది.

ఇస్మాయిల్ భార్య జరీనా నలభై ఏడేళ్ళ మనిషి. భర్త ముఖాన్ని వంగి చూసింది. తెల్లని గడ్డం, లోపలికి పోయిన చెంపలు. చాలాసేపు ఆమెకు ఏడుపు రాలేదు.

"ఈయన మా మామగారిలా ఉన్నాడు," అంది హైమవతితో. "మొన్న మంగళవారం కాక ఆ ముందు మంగళవారం కాక, ఆ ముందుది. ఉప్మా కట్టిచ్చా మేడమ్. చల్లారకముందే తినమన్నా. ఈయనకి నా ముఖం గుర్తుందంటారా?"

"ఉంటుందమ్మా."

"పద్దెనిమిదేళ్ళు. నా పెళ్ళైందే ఇరవై రెండేళ్ళు."

హైమవతి ఆ రోజు ఇంటికి వెళ్ళలేదు. మీట మూత తాళం తీయించింది. మూత ఎత్తి, వేళ్ళు మీట మీద పెట్టింది. సింహాచలం ఆమెను వారించలేదు. చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఆ సమయానికి అరుంధతి నుంచి రోజువారీ సమాచారం వచ్చింది. నౌకాధిపతి గొంతు పొడిబారి ఉంది. మనిషికి పూటకు ఒక గ్లాసుకు తగ్గించుకున్నామనీ, అందరూ కులాసాగానే ఉన్నామనీ, పని చేస్తున్నవారికి తమ నమస్కారాలు చెప్పమనీ ఆయన అన్నాడు. హైమవతి మూత దించింది.

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం తెరమీద 'పూర్తయింది' అన్న మాట వచ్చింది. దాని వెంటే పొర తయారీ వివరాలన్నీ వచ్చాయి. వాటిని నౌకకు పంపడం మొదలుపెట్టాక, క్షేత్రాన్ని ఆపి తలుపు తీశారు.

బయటికి వచ్చిన స్త్రీకి యాభై రెండేళ్ళు. జుట్టు పొట్టిగా, తన చేత్తోనే కత్తిరించుకున్నట్టు ఎగుడుదిగుడుగా ఉంది; చాలావరకు తెల్లబడింది. ఎదురుగా నిలబడిన తల్లి వయసు యాభై ఐదు. కొత్తగా వచ్చిన కాపలాదారు ఇద్దరినీ చూసి, తర్వాత ఎవరితోనో, "మేడమ్ గారి చెల్లెలా?" అని అడిగాడు. అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఇంట్లో కామేశం అన్నం వడ్డించాడు. తరణి నెమ్మదిగా, శబ్దం చేయకుండా, కంచంలోకి తలవంచి తిన్నది. ఆరేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని గొంతు కాబట్టి, ప్రతి మాటకూ ముందు కొంత ఆగవలసి వచ్చేది. కిటికీ బయట మోటారు సైకిలు వెళితే ఉలిక్కిపడి చూసింది.

"ఇంకాస్త వేసుకో తల్లీ."

"చాలు నాన్నా. ఇంత అలవాటు తప్పింది."

హైమవతి అంతవరకు ఏమీ తినలేదు. పరీక్ష ముగిసింది కాబట్టి, ఇప్పుడు అడగవచ్చు. అడిగింది.

"మొదటి సవరణ ఎంతకాలం నడిచింది?"

తరణి చెయ్యి కంచంలో ఆగింది. "ఇరవై ఆరు నెలలు. రెండు నెలలు తక్కువైంది, ఇరవై ఎనిమిది కావాలిగా. ఒక మూల సన్నని చీలిక వచ్చింది. నీళ్ళు బాగానే వస్తున్నాయి. అయినా లోపం లోపమే కదా."

కామేశం చేతిలోని గిన్నె కింద పెట్టాడు. ఆయన లెక్కల మనిషి కాదు, కానీ ఈ లెక్క చిన్నది. "వాళ్ళకి కావాల్సింది పద్నాలుగు నెలలే," అన్నాడు.

"అవును నాన్నా."

"అంటే మొదటి శుక్రవారమే…"

హైమవతి అడిగింది, చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా: "నీకు తట్టలేదా, అది చాలునని?"

"తట్టింది. రెండోసారి సున్నా రాసినప్పుడు తట్టింది. ఇస్మాయిల్ గారు కూడా అన్నారు. బయటికి ఆ మాట పంపడానికి మనకున్న మూడు మాటల్లో ఏదీ సరిపోదమ్మా అన్నారు. తర్వాత నేనే అనుకున్నాను, ఇది అలసట మాట్లాడుతోందని. చాలునని అనిపించినప్పుడే ఎక్కువ అనుమానించాలని నువ్వే నేర్పావు. నేను అక్కడ ఒకటి అనుకునేదాన్ని అమ్మా. మీకు బయట ఏదో తెలిసి ఉంటుంది, నిజంగా చాలేట్టయితే మీరే అడుగుతారు, అని."

"నేను అడక్కూడదు."

"తెలుసు. నేను చెప్పకూడదు."

ఆ తర్వాత ముగ్గురూ ఆ విషయం మాట్లాడుకోలేదు. ఆ రోజే కాదు, మరెన్నడూ మాట్లాడుకోలేదు. తల్లి తప్పు చేసిందని కూతురు అనలేదు. తప్పు కాదని కూడా అనలేదు. హైమవతి ఎన్నిసార్లు తిరగేసినా, ఏ ఒక్క అడుగునూ విడిగా తీసి ఇది తప్పు అనలేకపోయింది. మూడు నియమాలూ మూడు నిజమైన నష్టాల నుంచి పుట్టినవి. వాటిని నెలలతో నడిచే ప్రయోగశాల కోసం రాసింది. ఏళ్ళతో నడిచే గదిలోకి వాటిని మోసుకుపోయినప్పుడు, మళ్ళీ చదివి చూడాలని ఎవరికీ తోచలేదు. అంతకాలంగా అవి ఎవరికీ హాని చేయకపోవడమే అందుకు కారణం.

మరుసటి నెలలో తరణి ఉద్యోగానికి వెళ్ళింది. వైద్య పరీక్షల గుమాస్తా ఆమె పుట్టిన తేదీ చూసి, మనిషిని చూసి, ఎవరి బదులు వచ్చారని అడిగాడు. పదవీ విరమణకు ఇంకా ముప్పై రెండేళ్ళు ఉందని కార్యాలయం వారు లెక్కవేశారు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెబుతూ నవ్వింది. తోడుగా ఎవరూ నవ్వలేదు. ఆమెతో చదువుకున్నవారి పిల్లలు అప్పుడప్పుడే బడిలో చేరుతున్నారు. వారిలో ఒకరు ఇంటికి వచ్చి, పెద్దావిడను చూసిన మర్యాదతో చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి, "తరణి ఉందాండీ?" అని అడిగింది.

"ఉంది," అంది తరణి. "లోపలికి రా."

అరుంధతి నౌక పద్నాలుగు నెలలకు క్షేమంగా దిగింది. ఆరుగురూ బతికారు. పాతరను మూసివేసి, సొరంగాన్ని సిమెంటుతో నింపారు. హైమవతి పద్ధతిలో మూడో నియమం మారింది. పరికరం ఎంతకాలం నడిచిందని ఇప్పుడు బయటివారు అడగవచ్చు, లోపలివారు ఆ ఒక్క అంకె చెప్పాలి. ఆ తలుపు తెరిచిన ఇరవై ఒక్క ఏళ్ళకు తరణి వృద్ధాప్యంతో, నిద్రలో మరణించింది. మరణ ధ్రువీకరణ పత్రంలో వయసు నలభై తొమ్మిది అని రాశారు. సమాచారం ఇచ్చినవారి స్థానంలో తల్లి సంతకం ఉంది.